మడ అడవి బతకాలంటే ఊరివాళ్ళను గేటు బయట నిలబెట్టాల్సిందేనా?

గౌతమి ఒడ్డు:

మాది తాళ్ళరేవు మండలంలో కాకినాడ అఖాతాన్ని ఆనుకుని ఉన్న ఊరు. ఇంటి పెరడు దాటితే పర్ర, అంటే ఉప్పు బీడు. పర్ర దాటితే ఉప్పుటేరు, ఏరు దాటితే మడ, అంటే ఉప్పునీటి బురదలో పెరిగే అడవి. చదువు కోసం కాకినాడ వచ్చి అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను గానీ నెలకు రెండుసార్లయినా ఊరు వెళ్తాను. ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు రామాలయం అరుగు మీద పెద్ద వాదన జరిగింది. మా ఊరి కుర్రాడే, పర్యావరణం చదువుకుంటున్నాడు. అడవి కోలుకోవాలంటే ఐదేళ్ళపాటు మనిషన్నవాడు లోపల అడుగు పెట్టకూడదని, పీతలకు వెళ్ళేవాళ్ళకూ పుల్లలకు వెళ్ళేవాళ్ళకూ కలిపి ఒకే గేటు వెయ్యాలని అన్నాడు. సగం మంది తల ఊపారు. పీతలు పట్టే ఆడవాళ్ళు ఆ గుడి మెట్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గేటు వేస్తే అడవి బతకదు. మా మడ ఉన్న కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాట. అందులో ఏ ఏరు ఎక్కడ తిరుగుతుందో, ఏ మలుపు దగ్గర నేల మెత్తబడిందో రోజూ తిరిగేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. మా అమ్మ నలభై ఏళ్ళు ఆ ఏట్లో పీతలు పట్టింది. కలుగు నోటి దగ్గర బురద మీద గోళ్ళ గీతలు తడిగా ఉన్నాయా, ఆరిపోయాయా అని చూసి లోపల పీత ఉందో లేదో చెప్పేస్తుంది. భుజం మునిగేదాకా చెయ్యి పెట్టి, ఇనుప కొక్కెంతో మెల్లగా లాగి, డెక్కలు కట్టేశాక తవ్విన బురదను మళ్ళీ కలుగు నోటికి అద్ది వస్తుంది. ఎందుకమ్మా అంటే, గూడు చెడగొడితే మళ్ళీ ఏడు ఎవరొస్తారు అంటుంది. ఆవిడను గేటు బయట నిలబెట్టి ఎవరిని కాపాడతాం?

ఇక అసలు సంగతి. మా ఊరి పడమటి ఏటి మీద కొన్నేళ్ళ క్రితం ఒక మట్టి గట్టు వేశారు, దారి కోసం. గట్టు కింద ఒకే ఒక్క తూము. ఆ గట్టుకు ఎగువన ఎవరూ గొడ్డలి పెట్టలేదు. అయినా మూడు వర్షాకాలాలు తిరిగేసరికి మడ చెట్లు నిలువునా ఎండిపోయాయి. పోటుకు లోపలికి వచ్చిన నీరు ఆటుకు బయటికి పోలేక అక్కడే కాగిపోయింది. గొడ్డలి కంటే ఆ తూము ఎక్కువ చెట్లను చంపిందని నా నమ్మకం. మీరేమంటారు?

పక్షుల పుస్తకం:

గౌతమి ఒడ్డు గారూ, మీ అమ్మగారి మీద నాకు గౌరవమే. కానీ అడవిలోకి వెళ్ళేవాళ్ళందరూ మీ అమ్మగారు కారు. మీ ఊరి కుర్రాడు చెప్పిన ఐదేళ్ళ గేటే సరైనదని నేనూ అంటాను.

నేను ఏటా చలికాలంలో వలస పక్షులను లెక్కపెట్టేవాళ్ళతో కలిసి ఆ ఏరుల్లో పడవ మీద తిరుగుతాను. లోపలి మలుపుల్లో సారా బట్టీలు చూశాను. నరికిన మడ కొమ్మల మొండాలు, చుట్టూ బూడిద, బురదలో సగం పాతిన ప్లాస్టిక్ పీపాలు. దోమతెర కంటే సన్నటి కన్ను ఉన్న వలలను ఏటికి అడ్డంగా కట్టి, పోటు తీసేటప్పుడు వేలెడంత లేని చేపపిల్లలను కూడా ఊడ్చేస్తున్నారు. ఆ పిల్లలు ఎవరి సొత్తు? రేపు సముద్రంలో వేటకు వెళ్ళేవాడి సొత్తు కాదా?

ఇదే అడవిలో 2018లో లెక్కించినప్పుడు 115 బావురు పిల్లులు తేలాయి. నీళ్ళలో దూకి చేపను పట్టే పిల్లి అది. నీటికుక్కలు ఉన్నాయి. హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. బురదలో బావురు పిల్లి అడుగుల పక్కనే చెప్పుల జాడలు, బీడీ ముక్కలు చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంకొక మాట. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం కదా. మొదట్లో 47 రోజులే ఉండేది, 2015లో పెంచారు. అప్పుడూ పొట్ట కొడుతున్నారని గొడవ చేశారు. ఇప్పుడు మత్స్యకారులే నిషేధం ఉండాలంటున్నారు. సముద్రానికి ఒప్పిన న్యాయం ఏటికి ఎందుకు ఒప్పదు?

అద్దె ఇల్లు:

పిల్లుల లెక్క చెప్పారు, తాబేళ్ళ లెక్క చెప్పారు. మనుషుల లెక్క ఎవరైనా చెబుతారా?

నేను కాకినాడలో ఒక గది ఇంట్లో అద్దెకు ఉంటున్నాను. మేం నలుగురం. వాన పడితే కాలువ నీరు గడప దాటుతుంది. పట్టణంలో పేదలకు ఒక్కో సెంటు ఇస్తామన్నప్పుడు మా వీధిలో అందరం ఆశపడ్డాం. 2020లో దుమ్ములపేట దగ్గర మడలో మట్టి పోసి స్థలాలు చదును చేశారని పెద్ద రభస అయింది, అది హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అడవి కోసం పోరాడినవాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. కానీ ఇదే తీరంలో రేవులకు, కర్మాగారాలకు, గోదాములకు ఎకరాలకు ఎకరాలు పోయినప్పుడు ఇంత గట్టిగా మాట్లాడినవాళ్ళు ఎందరు? పేదవాడు సెంటు అడిగిన రోజునే మడ చెట్టు అందరికీ గుర్తు రావడం నన్ను బాధిస్తుంది.

ఊరివాళ్ళను గేటు బయట పెట్టాలా అని అడిగారు. మేం ఎప్పటినుంచో గేటు బయటే ఉన్నాం.

పాత సరంగు:

అద్దె ఇల్లు గారూ, మీ బాధలో అబద్ధం లేదు. అందుకే ఈ మాట మీకే చెబుతున్నాను, అడవి కోసం కాదు.

1996 నవంబరు 6. అప్పుడు నేను ఒక మర పడవ మీద కలాసీని, అంటే పనివాణ్ణి. పడవ నడిపే మా సరంగు అనుభవం ఉన్న మనిషి, ముందురోజు గాలి తీరు చూసి వేట సగంలో ఆపించి, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి తిప్పించాడు. రేవుకు పోకుండా ఏటి లోపలికి, మడ మధ్యకి తీసుకెళ్ళి నాలుగు వైపులా చెట్ల మొదళ్ళకు తాళ్ళు కట్టించాడు. ఆ రాత్రి గాలి మాటల్లో చెప్పలేను. తెల్లారి చూస్తే ఊళ్ళో కొబ్బరి చెట్లు మధ్యకు విరిగి పడున్నాయి. మడ చెట్లకు ఒక్క ఆకు లేదు, మోడులై ఉన్నాయి. కానీ మా తాడు కట్టిన చెట్టు వేరు కదల్లేదు. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రంలో ఉండిపోయినవాళ్ళలో నాతో కలిసి బువ్వ తిన్నవాళ్ళు ఉన్నారు.

1839లో తుఫానుకు కోరంగి రేవు ఎలా పోయిందో మా తాతలు కథలుగా చెప్పేవారు. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లా ఊళ్ళను పరిశీలిస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే అంత తక్కువ ప్రాణాలు పోయాయని తేలింది. 2009లో ఆ పరిశోధన అచ్చయింది.

మడను పూడ్చి ఇచ్చే సెంటు పల్లపు సెంటు. సముద్రం పొంగిన రోజు మొదట మునిగేది అదే. మీ పిల్లలను అక్కడ పడుకోబెట్టమని ఏ అన్న ఇచ్చినా తీసుకోవద్దు. మెరక మీద స్థలం అడగండి. అడిగే రోజున నేనూ మీతో వచ్చి కూర్చుంటాను.

పక్షుల పుస్తకం గారికి ఒక సవరణ. వేట నిషేధం మర పడవలకు, ఇంజిను తెప్పలకు. తెడ్డుతో, తెరచాపతో వెళ్ళేవాడికి ఆ 61 రోజుల్లోనూ అడ్డు లేదు. ఇంజినుకూ తెడ్డుకూ తేడా ఆ నిషేధానికే తెలుసు. పైగా వేట మానేసిన కుటుంబానికి భృతి ఇస్తున్నారు. 2019 నుంచి 10,000 రూపాయలు, 2025లో 20,000 చేశారు. మీరు చెప్పే ఐదేళ్ళ గేటుకు పీతల ఆడవాళ్ళకు ఎంత ఇస్తారు? ఎవరు ఇస్తారు?

రొయ్యల చెరువు:

అడవి పోవడానికి మా చెరువులే కారణం అనే మాట ఇంకా ఎవరూ అనలేదు. అనే లోపే నేను వస్తున్నాను.

కొంత నిజం ఉంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్యల పిచ్చిలో పర్ర కనిపిస్తే చాలు చెరువు తవ్వారు. తెల్లమచ్చ జబ్బు వచ్చి సగం మంది అప్పుల్లో మునిగారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి 500 మీటర్ల లోపు చెరువులు తీసెయ్యమంది. నేను చేసేది వనామీ రకం రొయ్య, పట్టా భూమిలో, అనుమతితో. ఒక్క మడ చెట్టు కొట్టలేదు.

కానీ పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టేశాక, చెరువు నీళ్ళు ఏట్లోకే వదులుతాను. మళ్ళీ పంటకు అదే ఏట్లోంచి తోడుకుంటాను. ఎగువ చెరువులో జబ్బు వస్తే నాలుగు రోజుల్లో నా చెరువులో ఉంటుంది. ఏటికి మడ దట్టంగా ఉన్నవైపు నీరు తేటగా ఉంటుందని మా మేస్త్రీకి తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి నాకూ అడవి కావాలి.

గౌతమి ఒడ్డు గారూ, మీరు చెబుతున్న గట్టు ఏదో నాకు తెలుసనుకుంటున్నాను. ఆ గట్టు మీదుగానే నా మేత లారీ వస్తుంది, పట్టుబడి రోజు ఐసు బండి వస్తుంది. ఆ చివరి వీధిలో కాన్పు నొప్పులు వచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ ఆ దారినే. గట్టు కొట్టెయ్యాలంటే మాత్రం నేను అడ్డం పడుకుంటాను.

గౌతమి ఒడ్డు:

గట్టు కొట్టెయ్యమని నేను అనలేదండీ. కాన్పు నొప్పుల మాట మీరు చెప్పకపోయినా నాకు తెలుసు, మా వదినను ఆ దారినే తీసుకెళ్ళాం. గట్టు కింద నీరు ఆడాలి అంటున్నాను. ఒక తూము ఉన్నచోట ఆరు ఉంటే మీ లారీకి వచ్చిన నష్టం ఏమిటి?

పక్షుల పుస్తకం గారూ, సారా బట్టీల గురించి మీరు చెప్పింది నిజం. సన్నకన్ను వలల మాటా నిజం. వాటిని ఆపాలి, నేను మీతోనే ఉన్నాను. కానీ గేటు వేస్తే ఎవరు ఆగుతారో ఆలోచించండి. పగటిపూట గంప నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళే ఆడమనిషి ఆగుతుంది. రాత్రి ఇంజిను పడవలో బెల్లం, పీపాలు వేసుకుని వెళ్ళేవాడు ఆగడు. పగలు వెళ్ళేవాళ్ళు లేకపోతే రాత్రి వెళ్ళేవాడిని చూసే కన్ను కూడా ఉండదు. ఇప్పటికీ ఏ మలుపులో బట్టీ పెట్టారో మొదట తెలిసేది పీతల వాళ్ళకే.

చట్టం కూడా మనల్ని పూర్తిగా బయట పెట్టలేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో చేపల మీద, నీటి వనరుల మీద ఊరికి ఉమ్మడి హక్కు ఉంది. వన్యప్రాణి చట్టంలో సైతం సముద్ర జలాలను అభయారణ్యంలో కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి దెబ్బతినకుండా చూడాలని రాసి ఉంది. చిక్కు ఎక్కడంటే, గిరిజనులు కానివాళ్ళు 75 ఏళ్ళ నివాసం రుజువు చెయ్యాలి. మా తాత వల వేశాడు, మా అమ్మ కొక్కెం పెట్టింది. ఏటికి పన్ను రసీదు ఎవరిస్తారు? ఈ విషయంలో ఊరికి సాయం చేసే చదువుకున్నవాళ్ళు కావాలి. మా కుర్రాడిని అదే అడగాలనుకుంటున్నాను.

ఆటుపోట్లు:

ఈ చర్చ నాలుగు రోజులుగా చదువుతున్నాను. తూము మాట చూశాక ఆగలేకపోయాను.

ఇరవై ఏళ్ళకు పైబడిన మాట. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు, అటవీ శాఖ, ఊరి వన సంరక్షణ సమితులు కలిసి గోదావరి మడలో పాడైన చోట్లను బాగు చేశారు. నేను అప్పుడు కూలీల లెక్క రాసేవాణ్ణి. మేం మొదట వెళ్ళిన చోట నేల తెల్లగా ఉండేది. కాలు పెడితే ఉప్పు పొర అప్పడంలా విరిగేది. గడ్డి కూడా లేదు. చెట్టు పోయాక నేల పళ్ళెంలా కుంగిపోతుంది. పెద్ద పోటుకు వచ్చిన నీరు ఆ పళ్ళెంలో నిలబడి ఎండకు ఇగిరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. అలాంటి చోట విత్తనం పడినా మాడిపోతుంది.

మొక్కలు నాటడానికి వచ్చాం అనుకుంటే, ముందు పార పట్టించారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకు నీరు అన్ని కొసలకూ పాకుతుంది, ఆటుకు ఉప్పును కడుక్కుని వెనక్కి పోతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక నేల నల్లబడింది. అప్పుడు నాటాం. మేం నాటినవి తెల్ల మడ, నల్ల మడ. మేం నాటనివి, నీళ్ళతో కొట్టుకొచ్చిన కాయల నుంచి వాటంతట అవే మొలిచినవి కూడా ఉన్నాయి. ఆ రోజు ఎంత సంతోషపడ్డామో. మడ ఆకు వెనకవైపు నాలుకతో తాకి చూడండి ఎప్పుడైనా, ఉప్పగా ఉంటుంది. నీటిలో ఉప్పును తాగి ఆకు వెనక నుంచి బయటికి నెట్టే చెట్టు అది. దానికి పోటు నీటిలో ఉండే ఉప్పంటే భయం లేదు. నిలిచిపోయిన నీరంటేనే భయం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే దాని ఊపిరి వేర్లు రోజుల తరబడి మునిగి ఉంటే చెట్టుకు ఊపిరి ఆడదు. గౌతమి ఒడ్డు గారి తూము దగ్గర జరిగింది కచ్చితంగా ఇదే.

ఇక నా బాధ చెబుతాను. ఆ కాలువల్లో బురద పేరుకుంటుంది. తవ్వినవాళ్ళే మళ్ళీ మళ్ళీ తియ్యాలి. పథకం అయిపోయాక ఆ డబ్బు ఎవరి పద్దులోనూ ఉండదు. కొత్తగా ఎవరైనా వస్తే మళ్ళీ మొక్కలే నాటుతామంటారు. మోకాలి లోతు బురదలో, పోటుకు నిలువునా మునిగే చోట వరసగా మొక్కలు గుచ్చి, ఫొటో తీసుకుని వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. రెండు నెలలకు ఒక్కటి మిగల్లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. నాటిన మొక్కలు కాదు, తీసిన బురద లెక్క రాయండి అని నేను అడిగినప్పుడల్లా నవ్వి ఊరుకున్నారు.

చెసాపీక్ పీత:

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఉంటున్నాను, సొంతూరు పోలేకుర్రు దగ్గర. ఇక్కడ చెసాపీక్ అఖాతం కూడా పీతలకు పేరు. సరదాగా పట్టేవాళ్ళు ఆడపీతను ఉంచుకోకూడదు, వదిలెయ్యాలి. మగపీత కూడా చిప్ప మీది ముళ్ళ కొస నుంచి కొసకు కొలత తక్కువైతే వదిలెయ్యాలి. కొలత చూసే చిన్న పట్టీ ప్రతి పడవలోనూ ఉంటుంది. అఖాతానికి గేటు వెయ్యలేదు, పీతకు కొలత పెట్టారు. మన దగ్గర గుడ్డు పీతకే ధర ఎక్కువ. అది మారనంత కాలం ఏ నియమం పెట్టినా కష్టమే అనిపిస్తోంది.

ఉప్పాడ మేనల్లుడు:

మీ చర్చలో ఒక ముక్క తప్పిపోయింది. మడ ఉంటే తీరం నిలుస్తుంది అన్నట్టు మాట్లాడుతున్నారు. మా ఉప్పాడలో మడ నాటమంటే ఎక్కడ నాటేది? మాది తెరిచిన సముద్రం, అల నేరుగా వచ్చి కొడుతుంది. నేను చిన్నప్పుడు ఆడుకున్న వీధి ఇప్పుడు నీళ్ళలో ఉంది. జియోట్యూబులతో గోడ కట్టారు, తుఫాన్లకు చిరిగి ఇసుక కారిపోయింది. బీచి రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో లెక్క లేదు.

మీ అఖాతం ప్రశాంతంగా ఉండటానికి, అందులో మడ పెరగడానికి హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటమే కారణం. గోదావరి తెచ్చిన ఇసుకను అల ఉత్తరానికి తోస్తే ఏర్పడిన దిబ్బ అది, సుమారు 16 కిలోమీటర్ల పొడవు. ఆ దిబ్బ పెరిగేకొద్దీ, రేవు కోసం రాళ్ళు వేసేకొద్దీ, ఇసుక మా దాకా రావడం తగ్గింది. పైన నది మీద ఆనకట్టలు వచ్చేకొద్దీ అసలు కిందికి దిగే ఒండ్రే తగ్గింది. కాబట్టి నీరు ఆడాలన్న మాటను మీ తూము దగ్గరే ఆపకండి. నదికీ అదే మాట వర్తిస్తుంది. మీకు తూము మూసుకుపోతే మడ ఎండింది. మాకు ఇసుక ఆగిపోతే ఊరే కరిగింది.

పీతల గంప:

మా అబ్బాయి ఫోనులో ఇదంతా చదివి వినిపించాడు. నేను చెబుతుంటే వాడు రాస్తున్నాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదని మొదట్లోనే రాశారు. ఇప్పుడు అడిగినట్టే గనుక చెబుతున్నాను.

అరచెయ్యి కంటే చిన్న పీతను మేం పట్టం. పట్టినా బరువు తూగదు. గుడ్డు పీత సంగతి వేరు. వదిలెయ్యాలని మాకూ తెలుసు. వ్యాపారి మామూలు పీతకు ఇచ్చేదాని కంటే దానికి ఎంతో ఎక్కువ ఇస్తాడు, పిల్లాడి ఫీజు కట్టాల్సిన నెలలో నేను వదలను. అందరి ముందూ చెబుతున్నాను. వ్యాపారి కొననంటే ఆ రోజే మానేస్తాం. కట్టుబాటు మా ఊళ్ళో కాదు, కొనేచోట పెట్టండి.

పుల్లలకు వెళ్ళడం గ్యాస్ బండ వచ్చాక చాలా తగ్గింది. బండ ధర పెరిగిన నెల మళ్ళీ వెళ్తాం. మడలో ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడి మా అత్తకు ఒక కన్ను మసకేసింది. సరదాకి ఎవరూ అందులో దూరరు.

ఇంకొకటి. సారా బట్టీ ఎక్కడుందో మాకు తెలుసు, చెప్పాం కూడా. చెప్పింది ఎవరో మర్నాటికి ఊరంతా తెలిసింది. మళ్ళీ చెబుతామా? మా పేరు బయటికి రాకుండా చూసే మనిషి ఉంటే చెబుతాం.

పక్షుల పుస్తకం:

అమ్మా, మీరు రాయించింది రెండుసార్లు చదివాను. ఐదేళ్ళ గేటు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మీ మాటతో పాటు సరంగు గారు తెడ్డుకూ ఇంజినుకూ తేడా చెప్పింది కూడా నన్ను మార్చింది.

అయితే అన్నీ వదలను. కొన్ని ఏరులు పక్షులు గూడు కట్టే చోట్లు. అక్కడ ఆ కొన్ని నెలలు ఎవరూ వెళ్ళకూడదు, తెడ్డు పడవైనా సరే. ఏ ఏరు, ఏ నెలలు అన్నది మీలాంటివాళ్ళు, మేమూ కలిసి కూర్చుని గీసుకోవాలి. రాత్రి ఇంజిను పడవ లోపల తిరగకూడదు, దీనికి మాత్రం మినహాయింపు ఉండకూడదు. అడవి చూపించే చెక్క వంతెన దగ్గర పర్యాటకుల టిక్కెట్ల మీద వచ్చే డబ్బులో ఒక వాటా కాలువల పూడిక తీతకే వెళ్ళాలని ఊరు పట్టుబట్టాలి. ఆటుపోట్లు గారు చెప్పిన పద్దు లేని డబ్బు ఎక్కడి నుంచి రావాలో నాకు తోచింది అదొక్కటే. కేంద్రం 2023 బడ్జెటులో మడల కోసం మిష్టి పథకం ప్రకటించింది కదా, అందులో నాటడంతో పాటు పూడిక తీత కూడా రాయించగలమేమో ఎవరైనా చూడాలి.

అద్దె ఇల్లు:

సరంగు గారూ, మెరక స్థలం కోసం అర్జీ పెట్టే రోజున వస్తానన్నారు. మాట తప్పరని నమ్ముతున్నాను. మా వీధిలో పదకొండు కుటుంబాలు ఉన్నాయి. పల్లంలో ఇస్తే వద్దని రాసి మరీ అర్జీ పెడతాం. అలా రాస్తే అసలు ఎక్కడా ఇవ్వరేమోనన్న భయం మాత్రం పోలేదు.

రొయ్యల చెరువు:

గౌతమి ఒడ్డు గారూ, ఆరు తూములు అన్నారు. తూములు వేసేటప్పుడు గట్టు వారం రోజులు తవ్వాలి. పట్టుబడి నెలలో కాకుండా చూస్తే నాకు అభ్యంతరం లేదు. పైపుల ఖర్చులో కొంత మేం నలుగురైదుగురు చెరువుల వాళ్ళం వేసుకుంటాం, మాట ఇస్తున్నాను. మిగతాది పంచాయతీ పెట్టాలి. కానీ తూములు పెంచితే ఎగువన నీరు నిజంగా ఆడుతుందని ముందు నాకు చూపించండి. ఒకసారి తవ్వి, తర్వాత ఫలితం లేదంటే మావాళ్ళు రెండోసారి ఒప్పుకోరు.

గౌతమి ఒడ్డు:

చూపిస్తాను. వచ్చేది చొల్లంగి అమావాస్య. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానానికి ఎలాగూ అందరూ వస్తారు. స్నానాలయ్యాక మా ఊరు రండి, అమావాస్య పోటు పెద్దది, బాగా తెలుస్తుంది. గట్టుకు ఇటు ఒకటి, అటు ఒకటి రెండు వెదుళ్ళు నాటి, జానకో గీత గీసి ఉంచుతాను. పోటు నిండినప్పుడు రెండు గీతల మీద నీరు ఎక్కడుందో రాసుకుందాం. ఆటు అయ్యేదాకా కూర్చుని మళ్ళీ రాసుకుందాం. ఏటి వైపు నీరు దిగిపోయి, ఎగువ వైపు నిలిచి ఉంటే, ఆ తేడా మీ కళ్ళ ముందే ఉంటుంది.

ఆటుపోట్లు గారూ, మీరు తప్పకుండా రావాలి, ఎన్ని తూములు, ఎంత లోతున అన్నది చెప్పగలిగింది మీరే. మా అమ్మకు చెప్పాను. పీతల వాళ్ళందరినీ తీసుకొస్తానంది. ఆ ఎండిన చెట్ల మధ్య ఇంకా మూడు చోట్ల పచ్చగా ఉందట, అక్కడ నీరు ఏ దారిన వస్తోందో చూపిస్తానంది. ఆ దారి నాకు ఇప్పటిదాకా తెలియదు.